ఖాదర్ మామ గుర్రానికి నేను పెట్టిన మెగ్నీషియం

మా పెళ్లి వీడియోలో మొదటి గంట మీకెవరికీ చూపించను. బంధువులు అడిగితే పెన్‌డ్రైవ్ పాడైందని చెబుతాను. పాడవలేదు. మా ఆవిడ పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది. ఆ గంటలో నాకు జరిగిన పరాభవం అర్థం కావాలంటే, అంతకుముందు నాలుగు నెలలు నేను ఒక గుర్రానికి చేసిన వైద్యం గురించి చెప్పాలి. నేను పశువైద్యం చదవలేదు. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

మాది ప్రొద్దుటూరులో దాణా అంగడి. తవుడు, పత్తిచెక్క, వేరుశనగ చెక్క, ఉలవలు, జొన్నలు, నాలుగు కాళ్ల జీవం ఏది వచ్చి అడిగినా లేదనకుండా ఇస్తాం. మా నాయన ముప్పయ్యేళ్లుగా గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. నేను కడపలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. తవుడు తూచడానికి కెమిస్ట్రీ అక్కర్లేదు. దాంతో ఆ చదువంతా అరగని భోజనంలా నా కడుపులో అలాగే ఉండిపోయింది. ఎవరి మీద వదిలించుకుందామా అని ఎదురుచూసేవాణ్ని.

అప్పుడు దొరికాడు ఖాదర్ మామ. ఆయనది జమ్మలమడుగు. ఆయనకు చాందినీ అని ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. పెళ్లిళ్లకు, దర్గా గంధాలకు దాన్ని అలంకరించి తీసుకుపోవడమే ఆయన బతుకుదెరువు. ఉలవలకూ తవుడుకూ నెలకోసారి మా అంగడికి వచ్చేవాడు. ఆ రోజు వచ్చి మా నాయనతో, చాందినీ ఒక పెళ్లిలో బెదిరిందని చెబుతున్నాడు. ఎవరో వీడియో తీసే డ్రోన్‌ను దాని చెవి పక్కకే దించారట. అది ముందుకాళ్లు పైకెత్తిందట. పెళ్లికొడుకు జారి బ్యాండు మేళం వాళ్ల డోలు మీద పడ్డాడట.

ఇందులో నేను విన్నది ఒక్క మాట: బెదిరింది. డ్రోన్ సంగతి ఈ చెవిలోంచి ఆ చెవిలోకి కూడా పోలేదు, అసలు లోపలికే రాలేదు. ఎందుకంటే ముందురోజే నేను ఫోన్‌లో ఒక వీడియో చూసి ఉన్నాను. ఎక్కడో విదేశంలో టోపీ పెట్టుకున్న ఒకామె, గుర్రానికి మెగ్నీషియం తక్కువైతే ఊరికే బెదురుతుందనీ, దాణాలో కాస్త కలిపితే నెమ్మదిస్తుందనీ చెప్పింది. నేను స్టూలు మీంచి లేచి నిలబడి, ఖాదర్ మామకు నరాలు, కండరాలు, లవణాలు అన్నీ వివరించాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. మా నాయన మాత్రం తవుడు బస్తా కుట్టుకుంటూ, అడిగినోనికి అడిగింది ఇచ్చి పంపురా అన్నాడు. పెద్దాయన, ఆయనకేం తెలుసు అనుకున్నాను.

మెగ్నీషియం ఎక్కడ దొరుకుతుందో వెతికాను. పులివెందుల వైపు చీనీ తోటలకు, అరటి తోటలకు ఆకు పసుపెక్కితే మెగ్నీషియం సల్ఫేట్ వేస్తారు. పత్తిచెక్క ఆర్డర్లకు వారానికోసారి అక్కడికి ఎలాగూ పోతాను కాబట్టి ఒక ఎరువుల అంగట్లో రెండు కిలోలు కట్టించాను. చెట్టుకు వేసేది గుర్రానికి వేయొచ్చా అని అంగడాయన అడిగాడు. మూలకం ఏదైనా మూలకమే అని ఆయనకు కూడా ఒక పాఠం చెప్పి వచ్చాను.

ఆదివారం బండి మీద జమ్మలమడుగు వెళ్లాను. నానబెట్టిన ఉలవల్లో పొడి కలిపి చాందినీ ముందు పెట్టాము. అది ఒకసారి వాసన చూసి, నా వైపు చూసి, మూతితో తొట్టిని పక్కకు జరిపింది. నాలుక మీద వేసుకుని చూస్తే చేదు, వేపాకు దాని ముందు జిలేబీ. మనిషైతే ఆ చేదు దగ్గరే ఆగుతాడు. నేను కెమిస్ట్రీ చదివినవాణ్ని. పశువులకు మందు పోసే వెదురు గొట్టం ఇంట్లో ఉందా అని అడిగాను. ఖాదర్ మామ వద్దప్పా అంటూనే తెచ్చాడు. ఆయన గుర్రం తల పైకెత్తి పట్టుకుంటే, పొడిని నీళ్లలో కలిపి గొట్టంతో దాని గొంతులో పోశాను. చాందినీ నన్ను కాసేపు నిదానంగా చూసింది. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. మా ఆవిడ ఇప్పుడు అదే చూపు చూస్తే వెంటనే తెలుస్తుంది.

తర్వాత రెండు రోజులు ఖాదర్ మామ భార్య హసీనమ్మ అత్త చేతిలోంచి చీపురు దిగలేదు. ఆ లవణం పేగులను అలా కడిగేస్తుందని నేను చదివిన పుస్తకంలోనే ఉంది. చదివింది సమయానికి గుర్తొస్తే ఈ కథే ఉండదు.

తప్పు పొడిదే అని తేల్చుకున్నాను. రకం మార్చాలి. సల్ఫేట్ వద్దు, ఆక్సైడ్ కావాలి. పశువుల మందులు తిప్పే ఒక ఏజెంటు మా అంగడికి వచ్చేవాడు. అతన్ని అడిగితే రెండు రోజుల్లో ఒక సంచి తెచ్చాడు. సంచి మీద పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. పొడి కాస్త బూడిద రంగులో మెత్తగా ఉంది. అదీ తీసుకుపోయి హసీనమ్మ అత్తకు ఇచ్చి, బెల్లంలో ఉండ చేసి రోజూ పెట్టమన్నాను. ఆమె అట్లనే అప్పా అంది. మరుసటి ఆదివారం ఫలితం చూడ్డానికి వెళ్లాను. నేను గేటు తీయగానే చాందినీ చెవులు వెనక్కి వాల్చింది, కళ్లలో తెల్లగుడ్డు కనపడేలా చూసింది, కట్టుగొయ్య చుట్టూ తిరిగి నాకు వెనక భాగం చూపించి కాలు నేలకేసి కొట్టింది.

జేబులోంచి నోట్‌బుక్ తీసి రాసుకున్నాను: బెదురు తగ్గలేదు. సరుకు నాణ్యత తక్కువ.

మూడోసారి హైదరాబాదు నుంచి మంచి కంపెనీది తెప్పించాను. అది వచ్చిన వారమే వానలు పట్టుకున్నాయి. డబ్బా మూత తీసి చూసి, సరిగా పెట్టకుండా అంగట్లో చెమ్మగోడ పక్కన వదిలేశాను. తీరిగ్గా చూసేసరికి పైపొరంతా గడ్డకట్టింది. సుత్తితో పగలగొట్టి మరీ తీసుకుపోయి ఇచ్చాను. ఆదివారం వెళ్తే మళ్లీ అదే వరస. ఈసారి నా చొక్కా జేబు పట్టి లాగి, నోట్‌బుక్‌ను కిందపడేసి, గిట్టతో తొక్కింది. నోట్‌బుక్ దులుపుకుని, లక్షణాలు ముదురుతున్నాయి అని అందులోనే రాశాను.

ఇక మూడు పొడులూ మూడు పొట్లాల్లో కట్టుకుని పులివెందుల పోయాను. అక్కడ రిటైరైన పశువుల డాక్టరమ్మ ఒకరున్నారు. జిల్లాలో సగం బర్రెలకు ఆమె చెయ్యి తెలుసు. అరుగు మీద మూడు సాసర్లు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో పొడి వేసి, నిమ్మకాయ కోసి పిండారు. ఏజెంటు పొడి సోడా కొట్టినట్టు బుసబుసా పొంగింది.

ఇది సగం సుద్ద అన్నారామె. అక్కణ్నుంచి నాకు అరగంట పాఠం చెప్పారు. ఎరువుల రకం వేరు, దాణా రకం వేరు. రాయి తవ్వి కాల్చి తీసే సరుకులో సీసంలాంటివి మిగిలి ఉండొచ్చు, దాణా రకానికైతే అవి పరీక్షించాలి. ముతకగా ఉంటే ఒంటికి పట్టకుండానే బయటికి పోతుంది. గాలీ చెమ్మా తగిలితే గుణం మారుతుంది, అందుకే సీలు చూడాలి, తయారైన తేదీ చూడాలి. ప్యాకెట్ మీద పొడి బరువు కాదు, అందులో అసలు మెగ్నీషియం ఎంతో రాసి ఉందా లేదా అది చూడాలి. ఇవన్నీ బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఈ ఒక్క పేజీ మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది.

లేచి వస్తుంటే ఆమె అడిగారు.

"పొడిని చూపించినావు సరే. గుర్రాన్ని ఎవరికన్నా చూపించినావా?"

లేదన్నాను.

"ముందు దాన్ని నాకు చూపియ్యి. దానికేం తక్కువో తెలీకుండా ఎంత మంచి పొడి అయితే మాత్రం ఏంటికి?"

అట్లే తీసుకొస్తానని చెప్పి వచ్చాను. తీసుకుపోలేదు. నాకు కావలసింది దొరికింది మరి. నాలుగోసారి డాక్టరమ్మ చెప్పిన లక్షణాలన్నీ ఉన్న పొడి, సీలు వేసినది, తెప్పించి హసీనమ్మ అత్తకు ఇచ్చాను. ఇక దీనికి తిరుగులేదనుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది. అదే పొడిని పెద్దమొత్తంలో తెచ్చి చిన్న ప్యాకెట్లు కట్టి అమ్మాలని, ప్రశాంతం అని పేరు పెట్టి, చాందినీ ఫోటోతో లేబుళ్లు అచ్చు వేయించాను.

సరిగ్గా అప్పుడే నా పెళ్లి కుదిరింది. అమ్మాయి శిరీష, జమ్మలమడుగులో బట్టల అంగడి వాళ్లమ్మాయి. పెళ్లి ప్రొద్దుటూరులో. గుడి నుంచి కళ్యాణ మండపం దాకా నేను గుర్రం మీద, వెనక కారులో పెళ్లికూతురు, ఇదీ ఏర్పాటు. గుర్రమంటే చాందినీయే అన్నాను. తప్పెట్ల మధ్య, పటాకుల మధ్య అది నన్ను మోసుకుంటూ నెమ్మదిగా నడిచి వస్తుంటే అంతకు మించిన ప్రచారం ఏముంటుంది? పెద్దముడియం నుంచి డెయిరీ వాళ్లను, చుట్టుపక్కల గుర్రాలున్న వాళ్లను, పులివెందుల డాక్టరమ్మను, అందరినీ పిలిచాను. ఖాదర్ మామ ఒకటికి రెండుసార్లు, వేరే ఊళ్లో ఇంకా మంచి గుర్రం ఉందనీ, మాట్లాడి పెడతాననీ అన్నాడు. ఆయనకు వినయం ఎక్కువ అనుకున్నాను.

పెళ్లిరోజు సాయంత్రం చాందినీ గుడి ముందుకు వచ్చింది. నుదుటి మీద జరీ కుచ్చు, వీపు మీద ఎర్ర మఖమల్ జీను. పక్కనే తప్పెట్లు మోగుతున్నాయి. జనరేటరు రొద. పదివేల వాలా పటాకులు పేలాయి. అది తోక కూడా కదపలేదు. ఎవరో బావగారి మెడలోని చామంతి దండ తింటూ నిలబడింది. నేను గుడి లోపలి నుంచి చూసి మురిసిపోయాను. పక్కనున్న పెద్దముడియం ఆసామితో, చూసినావా, అదీ నాణ్యత అంటే అన్నాను.

తలపాగా సర్దుకుని బయటికొచ్చాను.

చాందినీ నన్ను చూసింది. నోట్లోని దండ జారవిడిచింది. చెవులు వెనక్కి పోయాయి. నేను ఒక అడుగు ముందుకేస్తే అది రెండడుగులు వెనక్కి వేసింది. అలా అలా జనరేటరు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాము, అది ముందు, నేను వెనక. కుడివైపు నుంచి వెళ్లాను, ఎడమవైపు నుంచి వెళ్లాను. మా మేనమామ సలహా మీద శాలువా ముసుగేసుకుని వెళ్లాను. ముసుగు మనుషులకు పనికొస్తుంది. చాందినీకి నా వాసన చాలు. అది ముందుకాళ్లు లేపేసరికి శాలువా ఒక పక్క, నేను ఒక పక్క పడ్డాము. తప్పెట్లవాళ్లు ఏం చేయాలో తోచక ఇంకా గట్టిగా వాయించారు. ఖాదర్ మామ నన్ను లేపి, పంచె దులిపి, పక్కకు తీసుకుపోయాడు.

"శెట్టీ, ఒక మాట చెప్తా, బాధపడాకు. దానికి ఏ జబ్బూ ల్యా. తప్పెట్లకు బెదరదు, పటాకులకు బెదరదు. నిన్ను చూస్తేనే బెదురుతాంది."

"నన్నా? ఎప్పట్నుంచి మామా?"

"గొంతులో గొట్టం పెట్టినావే, ఆ పొద్దు నుంచి."

"మరి నేను తెచ్చిచ్చిన పొడులు?"

"మొదటి పొద్దు నువ్వు పోసిందే. ఆ తర్వాత ఒక్కటీ పెట్టల్యా. మీ అత్త అన్నీ నిమ్మచెట్టు మొదట్లో ఏసింది."

నాలుగు నెలలు. పదహారు ఆదివారాలు. నోట్‌బుక్ నిండా రాతలు. ప్రతి ఆదివారం నేను కొలిచింది పొడి నాణ్యత కాదు, నా మీద దానికున్న కోపం. ముందే చెప్పొచ్చు కదా మామా అన్నాను. ఆయన నేల చూపులు చూశాడు.

"ఎండనక వాననక అంత దూరం బండేసుకొని వస్తాంటివి. సదువుకున్నోనివి. మొగం మీద ఎట్ల చెప్పేదప్పా?"

ఇదంతా వెనక కారులోంచి చూస్తున్న శిరీష తలుపు తీసుకుని దిగింది. నడుస్తూనే ఎవరి పళ్లెంలోంచో ఒక బెల్లం ముక్క తీసుకుంది. గాజుల చేయి చాపి చాందినీ మూతి దగ్గర పెట్టింది. అది తినేసి, ఆమె భుజం మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకుంది. శిరీష నా వైపు తిరిగింది.

"ముహూర్తం దాటిపోతాంది. నేనెక్కుతా, మీరు కార్లో రాండి."

పెద్దవాళ్లు గుమిగూడి ఇలా ఎక్కడైనా ఉందా అన్నారు. పురోహితుణ్ని అడిగితే, శాస్త్రం సంగతి తర్వాత, ముందు టైము చూడండి అన్నాడు. నేను కారెక్కాను. అటుపక్క శిరీష మేనత్త, ఇటుపక్క పిన్నమ్మ, మధ్యలో నేను. పెళ్లికూతురు పట్టుకునే అలంకరించిన కొబ్బరిబోండాం కింద పెట్టకూడదట. పిన్నమ్మ దాన్ని నా చేతుల్లో పెట్టింది.

ఊరేగింపు నెమ్మదిగా నడుస్తోంది కాబట్టి డ్రైవరు పక్కసందులోంచి కారును ముందుగానే మండపానికి చేర్చాడు. అక్కడి ఆడవాళ్లకు జరిగిందేమీ తెలియదు. పూలకారు కనపడగానే హారతి పళ్లేలతో వచ్చి పాట అందుకున్నారు. తలుపు తెరిచారు. చేతుల్లో బోండాంతో నేను దిగాను. పాట ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. శిరీష వాళ్ల అవ్వకు చూపు ఆనదు. ఆమె మాత్రం ఆగలేదు. ఎర్రనీళ్లు మూడుసార్లు దిష్టి తీసి, నా బుగ్గ మీద చుక్క పెట్టబోయి, చేత్తో తడిమి చూసింది.

"బిడ్డకు గడ్డమేంది?" అని అడిగింది.

అప్పుడే వీధి మలుపులో చాందినీ కనిపించింది. దాని మీద శిరీష, కళ్లెం పట్టుకుని ఖాదర్ మామ, వెనక ఊరు ఊరంతా. అంత అందమైన దృశ్యం నేను మళ్లీ చూడలేదు. అందులో నేను లేకపోవడం కూడా దానికొక కారణమై ఉండొచ్చు.

ఇక్కడితో అయిపోతే పరాభవం మాత్రమే. పెద్దముడియం ఆసామి నా దగ్గరికొచ్చి, గుర్రం ఏమి నెమ్మదిగా నడిచిందప్పా, నీ పొడి నాకు నాలుగు ప్యాకెట్లు ఎత్తిపెట్టు అన్నాడు. ఆయన వెనక ఇంకో ఐదారుగురు. జనరేటరు చుట్టూ జరిగిన ప్రదక్షిణం కూడా ఏదో వేడుకలో భాగమనుకున్నారు. ఊ అంటే చాలు. పక్కన మా నాయన ఉన్నాడు. నా మొహం చూస్తున్నాడు. నేను బుగ్గ మీద చుక్కతో నిలబడి, ఆ గుర్రం నా పొడి తినలేదనీ, తిన్న ఒక్కరోజూ దానికి బేదులయ్యాయనీ, మిగతాదంతా నిమ్మచెట్టు తిన్నదనీ అందరికీ వినపడేలా చెప్పాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెండ్లికొడుకు గదా, సిగ్గుపడుతున్నాడు అనేసి భోజనాలకు వెళ్లారు. మా నాయన నా తలపాగా సరిచేసి, పద, తాళి కట్టు అన్నాడు.

మరునాడు పొద్దున డాక్టరమ్మ చాందినీని నిలువెల్లా పరీక్షించారు. ఏమీ తక్కువ లేదన్నారు. ఏం తింటుందని ఖాదర్ మామను అడిగి తెలుసుకుని, నాతో అన్నారు.

"మీ అంగడి తవుడులోనే కావాల్సినంత మెగ్నీషియం ఉంది కదయ్యా."

ఆ తర్వాత గొట్టం సంగతి విని ఆమె నవ్వలేదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే గుర్రం దక్కేది కాదని చెప్పారు. ఖాదర్ మామ అక్కడే ఉన్నాడు. ఆయన చేయి చాందినీ జూలు మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. నేను ఆయనకు క్షమాపణ చెప్పాను. ఆయన సరేలే అప్పా అన్నాడు. ఇదంతా నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ చేయి గుర్తొస్తే నవ్వు రాదు.

లేబుళ్లు మా అంగట్లో చీటీలు రాసుకోవడానికి వాడేశాము. గుర్రాల మెగ్నీషియం ఇప్పుడు కూడా అమ్ముతాను, సీలు, తేదీ, పరీక్ష కాగితం అన్నీ ఉన్నది. ఎవరైనా వచ్చి గుర్రం బెదురుతోంది, మంచి సరుకు ఇవ్వమంటే, డాక్టరుకు చూపించారా అని అడుగుతాను. ఆ తర్వాత ఇంకొకటి అడుగుతాను: అందరినీ చూసి బెదురుతాందా, నిన్నొక్కన్నే చూసి బెదురుతాందా? ఈ రెండో ప్రశ్నకు ముగ్గురు ప్యాకెట్ తీసుకోకుండానే ఆలోచించుకుంటూ వెళ్లిపోయారు.

ఇక ప్రమాణం. తవుడు బస్తాల సాక్షిగా, కాటా సాక్షిగా, ఈ జన్మలో ఏ ప్రాణికీ దాని ఇష్టం లేకుండా మందు పోయను. నాలుగు కాళ్లున్న దేనికీ నేనుగా వైద్యం చేయను. ఈ మాట చాందినీ ఎదుటనే చెబుదామని పోయిన నెల జమ్మలమడుగు వెళ్లాను. గేటు దగ్గర నన్ను చూడగానే అది వెనక్కి తిరిగి నిలబడింది. ఎంతసేపు చూసినా ఇటు తిరగలేదు. చేసేదేమీ లేక దాని తోకకే ప్రమాణం చేసి వచ్చాను.